ఎడమ రెక్క

ఇల్లు బాగుచేయిస్తున్నామని తెలిసినప్పటి నుంచి బత్తలపల్లెలో మాకు సలహా ఇవ్వని మనిషి లేడు. పడగొట్టి స్లాబ్ వేసుకోమన్నారు అందరూ. మా ఆయన కూడా వాళ్ల వైపే. నేను మొండికేశాను. ఇంత మందం రాతి గోడలు, మిద్దె మధ్యలో గవాచి, అందులోంచి నడిమింట్లోకి దిగే వెలుగు, ఇవన్నీ పోగొట్టుకుని అగ్గిపెట్టెలాంటి ఇంట్లో ఉడికిపోవడానికి నాకేం ఖర్మ? బాత్‌రూం కొత్తది కట్టించండి, వైర్లు గోడలో దాచండి, వంటింట్లో సింకు పెట్టండి, మిగతాది ముట్టుకుంటే ఊరుకోనని చెప్పాను.

వీధి తలుపును మాత్రం చెదలు తినేశాయి. రాయదుర్గంలో పాత కలప డిపో ఉందని వడ్రంగి ఓబిలేష్ చెబితే, మా ఆయన అతనితో వెళ్లి ద్వారబంధంతో సహా ఒక టేకు తలుపును టెంపోలో తెచ్చాడు. రెండు రెక్కల తలుపు. నల్లటి పాలిష్‌తో నిగనిగలాడుతోంది.

"పాత ఇంటికి పాత తలుపు. నీ పంతమే నెగ్గిందిలే," అన్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున ద్వారబంధం నిలబెట్టి రెక్కలు తగిలించారు. కుడి రెక్క తెరుచుకుంది. ఎడమది కీచుమని అరిచి ఇరుక్కుపోయింది. ఓబిలేష్ భుజంతో నెట్టినా కదల్లేదు.

"కింద మూల పట్టుకుంటాందక్కా. రోంత చిత్రిక పడితే సరిపోతాది."

"టీ చల్లారిపోతాంది, జరుగప్పా," అంటూ నేను ముందుకు వచ్చాను. రెండు చేతుల్లోనూ గ్లాసులున్నాయి. ఎడమ కాలి బొటనవేలు రెక్క కింద మూలకు పోయింది, కొంచెం పైకెత్తింది, భుజం నెట్టింది. చప్పుడు లేకుండా తలుపు తెరుచుకుంది.

"ఎట్ల తీసినావక్కా?" అని ఓబిలేష్ నోరు తెరిచాడు.

పంతొమ్మిదేళ్లు నేను తలుపు తీసింది అలాగే. ఈ ఇంట్లో కాదు. విడపనకల్లులో, మా నాయన ఇంట్లో.

గ్లాసులు నేనే కింద పెట్టానో, పడిపోయాయో గుర్తులేదు. కూర్చుని రెక్క వెనక వైపు తడిమాను. పాలిష్ కింద అక్షరాలు వేళ్లకు తగిలాయి. తౌసిప్. ఎనిమిదేళ్లప్పుడు మా తమ్ముడు తౌసిఫ్ మేకుతో చెక్కుకున్న పేరు అది. ఫ రాయడం రాక ప రాశాడు. నాయన కొట్టబోతే అమ్మ అడ్డం పడింది. వాడి పెళ్లయ్యేదాకా తౌసిప్పూ అని ఏడిపించాను వాణ్ని.

మా ఇంట్లో ఈ తలుపుకు ఆకుపచ్చ రంగు ఉండేది. మా ఆయన గుర్తుపట్టలేదంటే వింత లేదు, అత్తారింట్లో ఆయన చూపంతా భోజనం మీదే. నిన్నంతా దీని చుట్టూ తిరిగి మురిసిపోయిన నాకేమైంది?

పోయిన ఏడాది అమ్మ చనిపోయాక ఆ ఇంట్లో నా భాగం వదులుకుంటూ సంతకం పెట్టాను, తౌసిఫ్ ఇచ్చిన ఒక్క మాట మీద. "ఇల్లు పడగొట్టనక్కా. ఏటేటా వచ్చి నాలుగు రోజులు ఉండిపో. తాళం చెవి నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు. ఆ తాళం చెవి మా గూట్లోనే ఉంది. ఈ ఎండాకాలం వెళ్లి అమ్మ గదిలో పడుకోవాలనుకున్నాను. పుట్టిల్లని చెప్పుకోవడానికి నాకు మిగిలింది అదొక్కటే.

తౌసిఫ్‌కు ఫోన్ చేశాను. వాడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే యూనిట్ నడుపుతాడు. వెనక మిషన్ల రొద.

"మనిల్లు ఎట్లుండాది తమ్మీ?"

"బాగుండాదక్కా. మొన్ననే పోయి చూసొస్తి."

"లోపలికి పోయినావా?"

"తాళం చెవి నీ దగ్గర కదా ఉండేది! బయట్నుంచే చూసినా. ఏం కాలేదు."

ఎంత నున్నగా చెప్పాడు! చెంప పగలగొట్టినా నాకంత దిమ్మ తిరిగేది కాదు. తలుపు కళ్ల ముందే ఉంది, అయినా ఒక్క క్షణం వాడి మాట నమ్మాను. నమ్మాలనిపించింది.

ఎడమ రెక్క మూశాను. ఫోన్ స్పీకర్ వేసి దాని దగ్గర పెట్టి, కాలు పెట్టకుండా ఊరికే చేత్తో నెట్టాను. తలుపు కీచుమంది.

"కాలితో ఎత్తి నూకక్కా, ఇరుక్కుంటాది," అన్నాడు తౌసిఫ్.

అనేశాక ఆగిపోయాడు. ఓబిలేష్ నా ముఖం చూసి చిత్రిక కింద పెట్టేశాడు.

"అక్కా... నువ్వు యాడుండావు?"

"నా ఇంట్లోనే ఉండా. నీ పేరు గూడా ఈడే ఉండాది, తప్పుతో సహా."

"మిద్దె కురుస్తాండె అక్కా... నీకు చెప్దామనే అనుకుంటి..."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"తలుపు ఈడ ఉండాది. తాళం చెవీ ఈడే ఉండాది. ఇల్లు యాడరా తౌసిప్పూ?"