అవతలి చక్రం

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాను, మళ్లీ చూడమన్నవాళ్ల మీద కస్సుమంటాను. అలాంటివాణ్ని ఆ మధ్యాహ్నం షెడ్డులో చెల్లెలి మొహం చూడలేక, సర్దిన స్పానర్లే మళ్లీ సర్దుతున్నాను.

మూడు నెలల క్రితం ఆమె భర్త, అంటే మా బావ, ఈ కారులోనే క్వారీ దారి ఎక్కబోయాడు. ముందురోజు వాన కురిసింది. వెనక చక్రం ఒకటి బురదలో గిర్రున తిరిగింది, రెండోది కదల్లేదు. కారు వెనక్కి జారి గోతిలో పడింది. వద్దన్నా వినలేదని, చేజేతులా ప్రాణం తీసుకున్నాడని అందరూ అన్నారు.

"ఎక్కేముందు ఆయన నీ గురించే 'మా బావ చూసి చెప్పాడు, దీనికి లిమిటెడ్ స్లిప్ ఉంది' అన్నారట," అంది చెల్లెలు. "అది ఉంటే ఏమవుతుంది అన్నయ్యా?"

"ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందుతుంది."

"ఉందా మరి? ఆయన మొండికేసి వెళ్లారా, నమ్మి వెళ్లారా? నాకది తేలాలి."

బావ చూడమన్న రోజు నేను ఒక్క చక్రమే జాకీ మీద లేపాను. తిప్పబోతే బిగుసుకుని ఉంది, లిమిటెడ్ స్లిప్‌కి అదే గుర్తు. ఉంది పొమ్మన్నాను. కారు దించాక చూస్తే గేరు వేసే ఉంది. గేరులో ఉంటే ఏ కారుకైనా ఆ చక్రం బిగుసుకునే ఉంటుంది. మళ్లీ చూడాలని తెలుసు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించి ఊరుకున్నాను.

ఇప్పుడు పద్ధతిగా చేశాను. వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీదికి లేపి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ వదిలాను. చెల్లెల్ని అవతలి పక్కన స్టూలు మీద కూర్చోమన్నాను.

"ఇటు నేను ముందుకి తిప్పుతా. నీ పక్క చక్రం కూడా ముందుకి తిరిగితే ఉన్నట్టు. వెనక్కి తిరిగితే లేనట్టు."

తిప్పాను.

"ముందుకే," అంది.

ఇంకోసారి తిప్పాను. "ముందుకే అన్నయ్యా."

ఒళ్లు తేలికైంది, సిగ్గులేకుండా సంతోషించాను. ఆపాలని నా చక్రం పట్టుకున్నాను. అవతలిది ఇంకో పావు చుట్టు తిరిగి, ఎవరో అరచేత్తో పట్టి ఆపినట్టు మెల్లగా ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు, లిమిటెడ్ స్లిప్ ఉంటే రెండూ కలిసే ఆగాలి. అటు వెళ్లి చూస్తే చెల్లెలు చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. వేళ్లకి మట్టి లేదు. టైరు మీది ఎండిన బురదలో మాత్రం నాలుగు వేళ్ల మేర తుడిచేసినట్టుంది.

ఎవరూ అడగకుండానే కారు కిందికి దూరి, వెనక చక్రాలు రెంటికీ బలం పంచే డిఫరెన్షియల్ మూత విప్పాను. నూనె కారిపోయాక టార్చి వేసి చూశాను. మామూలు పళ్లచక్రాలు నాలుగే ఉన్నాయి. రెండు చక్రాల్నీ కలిపి పట్టే పళ్లేలు లేవు, స్ప్రింగులు లేవు.

బయటికొచ్చి నేలమీదే కూర్చున్నాను. "లేదమ్మా. ఎప్పుడూ లేదు. నేను సరిగ్గా చూడకుండా ఉందన్నాను. అది తెలిసి కూడా చెప్పలేదు. ఆయన మొండివాడు కాదు, నన్ను నమ్మాడు."

ఆమె తన పక్క చక్రం వైపు తిరిగింది.

"మరి ఇది ముందుకెలా తిరిగింది?"

"దానంతట అది తిరగదు."

ఆమె లేచి టైరు మీద చెయ్యి వేసింది. "బతికుండగా నీ మాటకి ఒక్కసారైనా ఎదురు చెప్పారా? నువ్వు ఉందంటే ఉన్నట్టే ఆయనకి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మధ్యాహ్నపు ఎండ షెడ్డు సగం దాకా ఉంది, అయినా వెన్ను చల్లబడింది. నా పక్కకి వెళ్లి చక్రం పట్టుకున్నాను.

"బావా, నా మాట తప్పు. నా పరువు కాసింది చాలు, ఇక వదిలెయ్," అని తిప్పాను.

వంగి కారు కిందుగా చూస్తే ఆ చక్రం వెనక్కి తిరుగుతోంది. దాని పక్కన చెల్లెలు మోకాళ్ల మీద కూలబడి, మూడు నెలల్లో మొదటిసారి పైకి ఏడుస్తోంది.