ఉయ్యాల వాలు

కొలిమిలో నిన్నటి బూడిద తీసి, కొత్త బొగ్గు పరిచి, లీలారాణి పీట మీద కూర్చుని గాలిపంకా చక్రం తిప్పడం మొదలుపెట్టింది. కాల్చవలసిన ఇనుము ఏదీ లేదు. కొత్తవలస రైల్వేగేటు పక్కన ఆ రేకుల పాకలో పని జరిగి పదిహేను రోజులైంది. అయినా పొద్దున్నే కొలిమి వెలగాలి. పొగ కనపడకపోతే దుకాణం ఎత్తేశారనుకుంటారని ఆమె భయం.

ఆమె భర్త జ్ఞానానందం లారీలకు కమాను కట్టలు కట్టే మేస్త్రి. చక్రాల మీద బండి బరువును మోసే ఆ ఇనప పట్టీల పని తప్ప మరో పని చెయ్యలేదు. ముప్పై ఏళ్ళు బాగా బతికిన చెయ్యి తొమ్మిది నెలల కిందట పక్షవాతంతో పడిపోయింది. ఇప్పుడు కొలిమి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు, ఒళ్ళో తన సుత్తి పెట్టుకుని. చెమటకు నల్లబడి, పట్టుకునే చోట సన్నగా అరిగిన చింతకర్ర పిడి దానిది. మేస్త్రి సుత్తి మేస్త్రిదే. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు, పెళ్ళాన్ని కూడా. చిన్నా చితకా పని వస్తే ఆమె పక్క వెల్డింగు షాపు ఇమ్మానుయేలు దగ్గర సుత్తి అడిగి తెచ్చుకుంటుంది.

లారీవాళ్ళు ఆగుతారు, కుర్చీలో మనిషిని చూస్తారు, పీట మీద ఆడమనిషిని చూస్తారు, అయ్యో పాపం అని సాగిపోతారు. ఆ పాపం అనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఇమ్మానుయేలు మంచివాడే. పాకను తన షాపులో కలుపుకుంటానని, ఆదివారం చర్చికి వెళ్ళేలోగా ఏదో ఒక మాట చెప్పమని అడిగాడు. ఈరోజు శుక్రవారం. ఒక్క పెద్ద పని, ఈ వీధి వీధంతా చూసే పని దొరికితే చాలు, నోరు తెరిచి కుదరదని చెప్పేస్తుంది. దొరక్కపోతే తలూపాలి.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిది. చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే ఎత్తయింది. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు కందిగింజల్లా ఉంటాయి. ముప్పై ఏళ్ళలో ఆమెను మేస్త్రి భార్య అన్నారు, చక్రం తిప్పే ఆమె అన్నారు. మరొకటి అనవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

తొమ్మిదింటికి పోతురాజు లారీ వచ్చింది. పాతికేళ్ళ పాత బండి. కుమ్మరుల దగ్గర కుండలు ఎక్కించుకుని కొండకింద సంతలకు తీసుకెళ్తాడు. దారిలో గెడ్డవాగు దాటేటప్పుడు అడుగుభాగం రాళ్ళకు కొట్టుకుంటోందని మొన్నీమధ్య వెనక కట్టలు మార్పించి బండిని జానెడు పైకి లేపించాడు. బండి గంభీరంగా పైకి లేచింది, కుండలు మాత్రం పగలడం మొదలెట్టాయి. ఒక మెకానిక్కు కట్టలో ఇంకో పట్టీ వేశాడు, మరొకడు రబ్బరు ముక్కలు పెట్టాడు. వాళ్ళు చెయ్యి పెట్టిన ప్రతిసారీ బండి మరింత రాయైంది. రేపటి సరుకులో పది కుండలు పగిలినా ఇంక వేరే బండి చూసుకుంటానని కుమ్మరి దేముడమ్మ తెగేసి చెప్పిందట.

"కుండలే కాదు, నా నడుం ఇరిగిపోతన్నాది," అంటూ దిగిన పోతురాజు, కుర్చీలో మేస్త్రిని చూసి ఆగిపోయాడు. పక్షవాతం సంగతి అతనికి తెలియదు. పాపం అన్నాడు. తిరిగి బండెక్కబోయాడు.

జ్ఞానానందం ఎడమచెయ్యి ఎత్తి, వంకరపోయిన నోటితో ఒక్క మాట కూడదీసుకున్నాడు. కొత్తగా వేసిన పట్టీ తీసెయ్యమన్నాడు. ఎప్పుడూ ఆయన మాటే ఆ పాకలో ఆఖరి మాట.

లీలారాణి చక్రం ఆపింది.

"పట్టీ తీసినా అంతే, ఏసినా అంతే," అంది. "ఎత్తు కోసరం కట్టని మరీ వంచీసినారు. వంగితే పొట్టిదవదేటి? పొట్టిదై ఉయ్యాలని ముందుకి లాగీసింది. ఇంక ఊగడానికి సోటేది?"

ఉయ్యాల అని ఆమె అనేది షాకిల్‌ని. కట్ట వెనక చివరను చట్రానికి వేలాడదీసే రెండు ఇనప పలకలు. బరువు పడితే కట్ట చదునై, పొడుగు సాగుతుంది. ఆ సాగుడుకు ఉయ్యాల వెనక్కి ఊగి దారి ఇవ్వాలి. ఈ బండికి అది కింద కొస ముందుకు పెట్టి, ఎదురు తన్ని నిలబడి ఉంది.

"నీకెలాగ తెలుసమ్మా?" అన్నాడు పోతురాజు.

"ముప్పై యేళ్ళు ఈ పీట మీద కూకున్నాను. ఇక్కణ్ణించి బళ్ళలో నాకు అగుపడింది అదొక్కటే."

నిజమే. మేస్త్రి బండి కింద పడుకుని పైకి చూసేవాడు. పక్కనుంచి, ఉయ్యాల ఎత్తులో కళ్ళు పెట్టి, కొన్ని వేల బళ్ళను చూసింది ఆమె ఒక్కతే. మంచి బండి ఉయ్యాల ఎంత వెనక్కి వాలుతుందో ఆమె కంటికి తెలుసు. జ్ఞానానందం మాత్రం సుత్తి గుండెకు హత్తుకుని మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆయన మాట కాదనడం ఆమెకు అదే మొదలు. అయినా కళ్ళు మూసుకుని రెండు ముక్కల ప్రార్థన చేసుకుని, ఇమ్మానుయేలు దగ్గరకు సుత్తి కోసం వెళ్ళింది.

చట్రాన్ని జాకీతో లేపి దుంగలు పెట్టారు. ఉయ్యాల వేలాడే బ్రాకెట్టును చట్రం నుంచి విడదియ్యాలి, దాని రివెట్లు తుప్పులో కలిసిపోయాయి. ఆమె ఉలి పట్టుకుంటే పోతురాజు సమ్మెట వేశాడు. రెండు దెబ్బలు ఆమె చేతికీ తగిలాయి. బ్రాకెట్టును రెండు వేళ్ళ మందం ముందుకు జరిపి, సుద్దతో గుర్తు పెట్టి, ఇమ్మానుయేలు డ్రిల్లుతో కొత్త బెజ్జాలు వేయించి, బోల్టులు బిగించింది. రెండో పక్కా అంతే. టీకొట్టు దగ్గర జనం చేరారు.

మూడింటికి బండి కిందికి దించారు. దారానికి నట్టు కట్టి వేలాడదీసి చూస్తే ఉయ్యాల దాదాపు నిటారుగానే ఉంది. ఎవడో కిసుక్కుమన్నాడు. ఆమె వంగి మళ్ళీ చూసింది. అంతలోనే నవ్వొచ్చింది. బండి ఖాళీగా ఉంటే ఎలా వాలుతుంది! గేటు పడి ఆగిన కూలీలను పన్నెండుమందిని పిలిచి బండెక్కమంది. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే కట్ట సాగింది, ఉయ్యాల మెల్లగా, బద్ధకంగా, వెనక్కి ఒరిగింది. దారానికీ దానికీ మధ్య ఆమె పిడికిలి పట్టింది. సరిగ్గా ఆమె కన్ను అడిగినంత.

గేటు లేచింది. కూలీలు దిగనే లేదు. లీలారాణి పాకలోంచి మెడ దాకా నీళ్ళున్న కుండ తెచ్చి, కుదురు మీద పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. ఆ పట్టాల మీద బరువు బండి ధడేలుమని దూకడం ఊరందరికీ అలవాటు. పోతురాజు నెమ్మదిగా పోలేదు. లారీ లేచింది, దిగింది, అంతే. కుండలో నీళ్ళు తొణికి రెండు చుక్కలు ఆమె మోకాలి మీద పడ్డాయి. కూలీలు ఈలలు వేశారు. ఆమె ఆనందం పట్టలేక పక్కనున్న ముసలామె భుజం మీద ఒక్క చరుపు చరిచింది.

"మేస్త్రమ్మా, రేపు లోడెత్తుతాను," అని ముందునుంచి అరిచాడు పోతురాజు. ఆ పిలుపు ఆమె తిరుగుదారంతా నెమరేసుకుంది.

పాక దగ్గర దిగేసరికి జ్ఞానానందం మొహం గోడవైపు లేదు, గేటువైపు ఉంది. పట్టాల చప్పుడు బట్టి కట్ట గుణం చెప్పేవాడు ఒకప్పుడు. కళ్ళు మూసుకుని చెవి పెట్టినట్టే ఉన్నాడు. ఇనపడిందేటి మేస్త్రీ, అని అడిగింది. మళ్ళీ అడిగింది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది గానీ ఊపిరి లేదు.

దేముడమ్మ కుండలు ఒకరోజు ఆగాయి. శనివారం ఆ లారీలోనే మేస్త్రి శవపెట్టెను శ్మశానానికి తీసుకెళ్ళారు. పట్టాల దగ్గరకు రాగానే చుట్టూ కూర్చున్నవాళ్ళంతా అలవాటుగా పెట్టె మీద చేతులు వేసి అదిమిపట్టారు. లీలారాణి వెయ్యలేదు. ఏడుస్తూనే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చక్రాలు పట్టాలెక్కడం చూసింది. పెట్టె కదల్లేదు. ముప్పై ఏళ్ళు ఊరి బరువులు మోయించినవాణ్ణి ఒక్క కుదుపు లేకుండా దాటించానని ఆమె గుండె దుఃఖంలోనే పొంగింది.

సాయంత్రం ఇమ్మానుయేలు వచ్చి పాక ఊసెత్తకుండా నిలబడ్డాడు. సోమవారం పొద్దున్న కొలిమి వెలిగిస్తానని ఆమే చెప్పింది. అతను తలూపాడు.

అతను వెళ్ళాక ఆమెకు సుత్తి గుర్తొచ్చింది. ఆయన ఒళ్ళో లేదని నిన్ననే చూసింది గానీ, ఆ గోలలో ఎవరో తీసి దాచారనుకుంది. పాకలో దీపం వేసి వెతికింది. కుర్చీకి ఎడమపక్క, చెయ్యి చాపితే అందే దూరంలో, ఆమె పీట ఉంది. నిన్నటి నుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. పీట నడుమ, చింతకర్ర పిడి ఆమె కూర్చునే వైపు తిప్పి, మేస్త్రి సుత్తి పెట్టి ఉంది.