గట్టు మీద ఊరికే పరుగు

గుడివాడ కాలేజీలో వ్యాయామం నేర్పే హేమ పీహెచ్‌డీకి ఎంచుకున్న విషయం వింటే నవ్వని వాళ్ళు లేరు. కొండల్లో, గతుకు దారుల్లో పరుగు మీద పరిశోధనలు ఎటు సాగుతున్నాయన్నది ఆ విషయం. ఆమె పుట్టిపెరిగిన దివిసీమలో చీమలపుట్టని మించిన కొండ ఎక్కడుంది చెప్పండి!

మూడేళ్ళు కళ్ళు పోయేలా చదివింది. ఏటేటా వ్యాసాలు పెరుగుతున్నాయి. కానీ ఆమె చదివినంతలో అన్నీ చల్లటి దేశాల కొండలే, ఎక్కువగా మగవాళ్ళే. బురదలో పరుగెత్తే ఆడవాళ్ళ ఊసే లేదు.

"లోటుందని చెప్తే చాలదమ్మా, కాస్తయినా పూడ్చాలి. శనివారంలోగా ఎనిమిదిమంది ఆడవాళ్ళని బురదలో పరుగెత్తించి, వాళ్ళ గుండె వేగం లెక్కలు తీసుకురా. లేదంటే విషయం మార్చేసుకో" అన్నారు గైడ్ గారు.

ఇక దిక్కు రాజమ్మే. అమ్మకి చర్చిలో స్నేహితురాలు, కోడూరు దగ్గర నాట్ల ముఠాకి పెద్ద. "దానికేముందే పిల్లా, రా!" అంది.

శుక్రవారం పొద్దున్నే ఎనిమిదిమంది చీరలు ఎగదోపి, చేతులకి గుండె వేగం చూపే పట్టీలు కట్టుకుని, చెరువుల మధ్య తడి గట్టు మీద పరుగందుకున్నారు. సగం దూరమైనా వెళ్ళలేదు, ఊరు ఊరంతా తాళ్ళూ కర్రలూ పట్టుకుని ఎదురొచ్చింది. ముందు రాజమ్మ మొగుడు దేవసహాయం.

"ఎవరు పడ్డారే? ఏ చెరువులో?"

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు గట్టు మీద పరుగెత్తారంటే ఏదో ఘోరం జరిగినట్టే. ఊరికి ముందే ఓ మాట చెప్పాలన్న ఇంగితం ఏ వ్యాసంలోనూ రాసి లేదు మరి! పరుగు ఆగిపోయింది. హేమకి ఏడుపొక్కటే తక్కువ.

"ఎవరూ పడలేదయ్యా! ఊరికే పరిగెడుతున్నాం. పక్కకి జరగండి!" అని కసిరింది రాజమ్మ.

దేవసహాయం తెల్లబోయాడు. తర్వాత తనే గట్టుకి అడ్డంగా ఉన్న గేదెల్ని తోలేశాడు. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటినుంచీ పరుగెత్తారు. ఈసారి ఊరంతా అటూ ఇటూ నిలబడి ఈలలేసింది. ఎనిమిది లెక్కలూ దక్కాయి.

హేమ రాజమ్మ చేతులు పట్టుకుంది. "నీ రుణం ఎలా తీర్చుకోను పెద్దమ్మా?"

రాజమ్మ బురద కాళ్ళు చాపుకుని గట్టు మీద కూర్చుంది.

"నాకెందుకే రుణం? తుఫానుకి పరిగెత్తా. పిల్లాడు చెరువులో పడితే పరిగెత్తా. పుట్టి బుద్దెరిగాక భయం లేకుండా పరిగెత్తింది ఇయ్యాలే. మళ్ళీ ఎప్పుడొస్తావు?"