పండగ రోజు మోగని పెట్టె

నిష్ అనే చలిదేశపు ఊళ్లో మా అత్తగారు దేసాంకకి భయాలు రెండే. ఒకటి చుట్టాల నోరు, రెండోది కిటికీ సందులోంచి వచ్చే గాలి. ఆ గాలి తగిలితే మూత్రపిండాలు పోతాయట. విషవాయువుల సంగతి నేనెత్తితే మాత్రం, "చదువుకున్నోళ్లకి ఏదో ఒక భయం ఉండాలిగా" అంటుంది.

నా ఉద్యోగం ఆ భయమే. వెంట్రుక మందంలో పదివేలో వంతు ఉండే టిన్ ఆక్సైడ్ రేణువుల్ని చిన్న పలక మీద పూసి వేడిచేస్తాం. పొగ, సారాయి ఆవిరి, విషవాయువు, ఏది తగిలినా గంట మోగుతుంది. అలాంటి పెట్టె ఒకటి అత్తగారి కట్టెల పొయ్యి దగ్గర బిగించాను. కిందటేడు ఇంటి దేవుడి పండగకి, మా ఆవిడ బాబాయ్ రాదిసావ్ నోరు తెరిచినప్పుడల్లా అది కేకలు పెట్టింది. తాగింది రకియా మరి, ఘాటైన పళ్ల సారా. అత్తగారి పరువు పోయింది.

ఈ ఏడు అది మోగలేదు.

ఎనిమిది మందిమి, మూడో సీసా రకియా, బాణలిలో మాడుతున్న చేపలు. పెట్టె మీద సున్నా.

"చూశారా, మా అల్లుడు దానికి బుద్ధి నేర్పాడు!" అంది అత్తగారు. అందరూ నా పేరు చెప్పి ఇంకో గ్లాసు తాగారు.

చేపముక్క పళ్లెంలో పెట్టేశాను. ఇంత ఘాటులో అది సున్నా చూపించకూడదు.

"అత్తయ్యా, దీన్నేమైనా చేశారా?"

"పండగ కదా నాయనా! బీరువాకి కొట్టే పాలిష్ దీనిక్కూడా కొట్టా. ఎలా మెరుస్తోందో చూడు."

ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది రేణువుల మీద గాజుపొరలా గట్టిపడుతుంది. ఇక పెట్టెకి ఏ వాయువూ తెలియదు.

"తల పగిలిపోతోందేంటో" అన్నాడు రాదిసావ్.

"నాక్కూడా" అంది మా ఆవిడ యాగోద. తను ఒక్క చుక్క ముట్టలేదు.

నేను చుట్టూ చూశాను. "పాపేదీ?"

"లోపలి గదిలో పడుకుంది. గాలి రాకుండా గోడ కన్నానికి గుడ్డ కుక్కాలే" అంది అత్తగారు గర్వంగా.

పొగగొట్టం వెళ్లేది ఆ గది గోడలోంచే; ఆ కన్నం మూస్తే పొయ్యిలోంచి వచ్చే వాసన లేని విషవాయువు ఇంట్లోనే నిలిచిపోతుంది.

లేచి కిటికీ తెరిచాను. "అల్లుడూ, గాలి! నా మెడ!" అని అరిచాడు రాదిసావ్. "అందరూ బయటికి నడవండి!" అన్నాను. ఎవరూ కదల్లేదు.

లోపల మా పాప నేవెన బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పిలిచాను. కుదిపాను. తల ఓ పక్కకి వాలిపోయింది. దుప్పటితో సహా ఎత్తుకుని మంచులోకి పరిగెత్తాను. వెనకే యాగోద, చెప్పుల్లేకుండా.

"నేవెనా! అమ్మా, కళ్లు తెరువే!"

ఎంతసేపో తెలీదు. పాప నా కొత్త కోటు మీద కక్కుకుని, గుక్కపట్టి ఏడ్చింది.

అప్పుడు భయపడ్డారు చుట్టాలు. ఒక్కొక్కరే శాలువాలు చుట్టుకుని వచ్చారు. అత్తగారు మాత్రం తలకేమీ కప్పుకోకుండా, పాప టోపీ పట్టుకుని వచ్చింది. రెండుసార్లు తొడగబోయింది, రెండుసార్లూ కింద పడేసింది.

"మీ మరిదేరీ?" అన్నాను.

"మఫ్లర్ వెతుక్కుంటున్నాడు" అంది.

గుమ్మం లోపలే బోర్లా పడున్నాడు, మఫ్లర్ గుప్పిట్లోనే ఉంది. నేనూ, కేకలు విని వచ్చిన పక్కింటాయనా చెరో కాలు పట్టుకుని ఈడ్చాం.

పక్కింటివాళ్లు పిలిచిన అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టిన చాలాసేపటికి కళ్లు తెరిచాడు. గొట్టం పక్కకి లాగి, "ఆ కిటికీ ఎవడ్రా తీసింది?" అన్నాడు.