గోపి బస్తా

రాజాంలో అద్దాలు తుడిచే బుల్లమ్మ పేరు చెబితే ముందు జనానికి నవ్వొస్తుంది. ఆ నవ్వు బుల్లమ్మ మీద కాదు, ఆమె వెంట వచ్చే ధాన్యం బస్తా మీద. ఎనభై కిలోల బస్తా అది. ఆమె తమ్ముడు గోపి డెబ్బై రెండు కిలోలుంటాడు. నడుముకు బిగించుకునే బెల్టు, నీళ్ల బకెట్టు, తుడిచే వైపరు కలుపుకుంటే ఎనభై. ఎక్కడ పనికి వెళ్లినా, మేడ మీద తాడు కట్టాక ముందు గాల్లోకి దిగేది గోపి కాదు, ఆ బస్తా. ఒక టీ తాగినంత సేపు అది వేలాడాలి. తాడూ, తాడు కట్టిన చోటూ చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు గోపి దిగుతాడు. బజారులో వాళ్లు దానికి గోపి బస్తా అని పేరు పెట్టి, "ఒరే గోపీ, మీ అన్నకి పెళ్లెప్పుడురా?" అని ఆటపట్టిస్తుంటారు.

ఈ మూడేళ్లలో ఆ బస్తా ఒక్కసారీ కింద పడలేదు. నవ్వేవాళ్లకు అదే బలం.

అంతకు ముందు తాడు మీద దిగేది బుల్లమ్మ మొగుడు నూకయ్య. సాలూరులో ఒక లారీ ఆఫీసుకు కొత్త మేడ కట్టారు. మేడ మీద నీళ్ల పైపుకు తాడు కట్టింది బుల్లమ్మే. చేత్తో రెండుసార్లు లాగి చూసి, "గట్టిగా ఉన్నాది, దిగు" అంది. నూకయ్య దిగాడు. పది అడుగులు దిగేసరికి తాడు వదులైపోయింది. ప్రాణం దక్కింది గానీ నడుము కిందంతా చచ్చుబడిపోయింది. మేడ ఆసామి నలుగురిలోనూ నిలబడి, "పెళ్లానికి ముడెయ్యడం రాదు, నా మేడనంటారేటి" అన్నాడు. సాయంత్రానికల్లా ఆ పైపు ముక్క, తాడు ఎవరు తీసేశారో తీసేశారు.

"ముడి ఇప్పలేదే బుల్లీ. పైపే ఊడొచ్చీసినాది. పడతన్నప్పుడు నాను సూసినాను" అని నూకయ్య మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. బుల్లమ్మ నమ్మలేదు. మంచి మొగుడితో వచ్చే చిక్కే అది. నిజం చెప్పినా ఓదార్పులాగే వినిపిస్తుంది. తన వేళ్లే మొగుణ్ణి మంచాన పడేశాయన్న మాట ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది. ఆనాటి నుంచి "దిగు" అన్న మాట ఆమె నోటి వెంట రాలేదు. ఆ మాటకు బదులే ఈ బస్తా.

బట్టల వ్యాపారి లక్ష్మణరావు కొత్త షాపు పనికి బుల్లమ్మ బయలుదేరిన రోజు పొద్దున, నూకయ్య మంచం మీద కూర్చుని తాడును వేళ్ల మధ్య నుంచి జానెడు జానెడు జరుపుతూ చూస్తున్నాడు. రోజూ అది అతని పని. ఎక్కడైనా ఒక్క పోగు తెగినా అతని వేలికి దొరుకుతుంది.

"తాడు బాగున్నాది. ఇంక ఆ బస్తా మానీయే. గోపిగాడు మోసి మోసి మెడ ఇరిగిపోతాంది" అన్నాడు.

"కలాసీ పని సేసినోడికి బస్తా బరువేటి?" అని బుల్లమ్మ తాడు చుట్టేసుకుంది. ధాన్యం అడితిలో పదేళ్లు బస్తాలు మోసిన గోపి గుమ్మం బయట నిలబడి అంతా విని, మొహం మాడ్చుకున్నాడు.

షాపు మూడంతస్తులు. ముందు భాగమంతా అద్దమే. మర్నాడు పొద్దున ఎనిమిది దాటిన పన్నెండు నిమిషాలకు ముహూర్తం. సాయంత్రం నాలుగింటికి పూలు కట్టేవాళ్లు వస్తారు. ఆలోగా అద్దాలన్నీ తళతళలాడాలి. కొత్త అద్దానికి తొలి కడుగు అంటే మామూలు తుడుపు కాదు. సిమెంటు చుక్కలు, రంగు తుంపరలు, అంటించిన కాగితాల జిగురు, అన్నీ ఎండకు మాడి పట్టేసి ఉంటాయి. తొందరపడి పొడి గుడ్డ వేశామా, ఇసుక రేణువు అద్దాన్ని గీసేస్తుంది, ఆ గీత షాపున్నంత కాలం ఉంటుంది. ముందు బాగా తడపాలి, నానబెట్టాలి, సబ్బునీళ్లు పూయాలి, తడి ఆరకముందే బ్లేడు వాలుగా పట్టి చుక్క చుక్కా లేపాలి. నెలనెలా తుడిచే అద్దానికి గంట పడితే తొలి కడుగుకు పూట పడుతుంది. ఇదంతా బుల్లమ్మ ముందే చెప్పింది. లక్ష్మణరావు తలూపాడు గానీ చెవిన పెట్టలేదు.

షాపు ముందు మెట్లకు అటూ ఇటూ కర్రలు నిలబెట్టి, బుల్లమ్మ పాత చీర ముక్కలు చుట్టూ కట్టింది. పైన పని జరిగినంత సేపూ ఆ గీత దాటి ఎవరూ రాకూడదు. గోపి ట్రాలీ ఆటో నుంచి బస్తాను భుజానికెత్తుకున్నాడు.

"అదెందుకు?" అన్నాడు లక్ష్మణరావు. బుల్లమ్మ చెప్పింది. ఆయన నవ్వేశాడు. "పైన హుక్కుంది చూడు, స్లాబు పోసినప్పుడే పెట్టించాను. ఏసీ పెట్టెలన్నీ దానిమీంచే పైకి లాగాం. మీ తమ్ముడు ఏసీ కన్నా బరువా?"

ఈలోగా ఆయన తల్లి పరమేశ్వరమ్మ పూజసామాను పళ్లెంతో వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు. బస్తా మేడ మీంచి వేలాడుతుందని వినగానే ఆవిడకు మండిపోయింది.

"తెల్లారితే షాపు తెరుస్తాం. ఈరోజు గుమ్మానికి ఎదురుగా మనిషి వేలాడ్తన్నట్టు బస్తా కడతావేటే? ఎంత అశుభం! వీల్లేదు."

"అదేటి అప్పా, వొక్కసారికి మానీసిద్దుమూ" అన్నాడు గోపి అక్కతో మెల్లగా. "ఇన్నేల్లూ వొక్కసారైనా పడ్డాదేటి? నాలుగు షాపులున్నాయి ఈ బాబుగారికి. నెలనెలా పని మనకే ఇస్తానన్నారు. పాడు సేసుకుంటామా?"

బుల్లమ్మ మెట్లెక్కి పైకి వెళ్లింది. హుక్కు చూసింది. వేలంత లావు ఇనుము, సరిగ్గా సింహద్వారం నడిమధ్యకు ఉంది. పిట్టగోడంతా కొత్త రంగు మెరుస్తోంది. పానాతో కొడితే ఖంగుమంది. తాడు కట్టి, ముడి మీద ముడి వేసి, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. కదల్లేదు. వెనకాలే వచ్చిన గోపి బెల్టు బిగించుకుని ఆమె మొహం వంక చూస్తున్నాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు, దిగిపోతాడు. పొద్దున మొగుడూ మానేయమన్నాడు, తమ్ముడూ మానేయమంటున్నాడు, షాపు వాళ్లూ మానేయమంటున్నారు. ఇంతమంది చెబుతుంటే తనదే చాదస్తమేమో. బస్తా పేరుతో తన తప్పును తానే రోజూ గాల్లో వేలాడదీసి చూసుకుంటోందేమో. సరే అనబోయింది. అనకుండానే మెట్ల వైపు తిరిగింది.

కిందికి దిగొచ్చి ముసలావిడ ఎదురుగా నిలబడింది.

"అమ్మగారూ, మా మావ మంచంలో ఉన్నాడు. ఆరోజు తాడు కట్టినాది నానే. గట్టిగా ఉన్నాది దిగూ అన్నాది నానే. ఇంక ఆ మాట నాను అన్లేను. బస్తా ఏలాడాల, నేదంటే పని మానుకుంటాను. ఇంకోల్లని పిల్సుకోండి, మీమీద నాకేటీ కోపం లేదు."

పరమేశ్వరమ్మ ఆమెను తేరిపార చూసింది. కోపం వచ్చినంత త్వరగానూ ఆవిడకు జాలి వస్తుంది. ఆ గుణం వల్లే కొడుకు ఆవిడకు భయపడీ పడనట్టు ఉంటాడు. పళ్లెంలోంచి పసుపు తీసి, బస్తాకు నాలుగు వైపులా రాసి, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇప్పుడిది బస్తా కాదు, ధాన్యలక్ష్మి. మా షాపుకి ఎవరికన్నా ముందు వచ్చిందనుకుంటాను. తీసుకెళ్లు. గబగబా కానీయండి."

గోపి ఉసూరుమంటూ బస్తాను పైకి మోశాడు. తాడుకు కట్టి, ఇద్దరూ పట్టుకుని పిట్టగోడ దాటించి మెల్లగా వదిలారు. తాడు బిగిసింది. బస్తా అద్దం ముందు ఒకసారి గిర్రున తిరిగి నిలబడింది. పసుపు పూసుకుని, బొట్టు పెట్టుకుని, నిజంగానే పెళ్లికూతురిలా ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి నవ్వుతున్నారు. కింద లక్ష్మణరావు గడియారం చూసుకుని, షట్టరు తీద్దామని చీర ముక్క పైకెత్తి లోపలికి అడుగు పెట్టబోయాడు.

"బాబుగారూ! గీత దాటకండి!" బుల్లమ్మ పైనుంచి అరిచిన అరుపుకు వీధంతా తలెత్తింది. నలుగురిలో తన మీద కేకేసినందుకు ఆయన మొహం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గాడు.

గోపి ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోశాడు. "తాగు అప్పా. నీ లచ్చిందేవికి ఏటీ అవదు" అన్నాడు. బుల్లమ్మ రెండు గుక్కలు తాగింది. మూడోది నోటిదాకా వచ్చేసరికి, కాళ్ల దగ్గర ఏదో పర్రుమంది. చూసేలోపే హుక్కు గోడలోంచి పిడికెడంత సిమెంటు పెళ్లతో సహా ఊడి, పాము తోకలా అంచు దాటి వెళ్లిపోయింది. కింద ధబేలుమని శబ్దం.

బస్తా మెట్ల మీద పగిలి, ధాన్యం గుమ్మం దాకా చిమ్మింది. చీర ముక్కల లోపల ఒక్క మనిషి లేడు. వీధిలో నవ్వు ఆగిపోయింది.

బుల్లమ్మ పక్కకు చూసింది. గోపి బెల్టు కట్టుకుని, చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని, పిట్టగోడకు దూరంగా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. పిల్లల తండ్రి, ముప్పై అయిదేళ్లవాడు, చిన్నప్పటిలాగా ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

కిందికి వచ్చేసరికి లక్ష్మణరావు ఊడిన సిమెంటు పెళ్లను నలిపి చూస్తున్నాడు. అది వేళ్ల మధ్య పొడవుతోంది. "ఇది స్లాబుతో పోసిన హుక్కు. ఇలా ఎలా వస్తుంది?" అని మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీనేటీ అనకురా," అంది పరమేశ్వరమ్మ. ఆవిడ మెట్ల పక్క చతికిలబడి ఉంది. "నేనే జరిపించాను. హుక్కు ద్వారానికి మూడడుగులు పక్కకుండేది. దిష్టి గుమ్మడికాయ నడిమధ్యన వేలాడాలి కదా. నీకు చెబితే వెటకారం చేస్తావని, మొన్న నువ్వు సరుకుకి వెళ్లినప్పుడు కోయించి ఇటు పెట్టించీసేను. గుమ్మడికాయే కదా, ఎంత బరువనుకున్నాను. మనిషి దాన్ని పట్టుకుని దిగుతాడని నాకు తట్టలేదురా, నా తండ్రీ."

లక్ష్మణరావు షట్టరు వంక చూశాడు. బుల్లమ్మ అరవకపోయుంటే బస్తా పడే వేళకు తను అక్కడే ఉండేవాడు.

అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఆ చూపులు ఎలా ఉంటాయో బుల్లమ్మకు తెలుసు. సాలూరులో ఆ సాయంత్రం తన చుట్టూ ఉన్నవి అవే. వెళ్లి ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"అమ్మగారూ, ఇలగ సూడండి. మీరు పసుపు రాసి పంపబట్టి బస్తా పడినాది. నేదంటే పడీవోడు మా తమ్ముడు. అది సూసుకోండి, ఇది కాదు."

ముసలావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

మధ్యాహ్నం మేడ మీద మెట్ల గది పెద్ద స్తంభానికి తాడు చుట్టి కట్టారు. ఇంకో బస్తా అడితి నుంచి లక్ష్మణరావే తెప్పించాడు. టీ తాగడం అయిపోయినా, "ఇంకో పావుగంట వేలాడనీయమ్మా, పూలవాళ్లు ఆగుతారు" అన్నది కూడా ఆయనే. గోపి దిగాడు. మొదటి అద్దం దగ్గర ఒక చేత్తో తాడు వదలకుండా, రెండో అద్దానికల్లా రెండు చేతులా పని చేస్తూ, సాయంత్రానికి మొత్తం కడిగాడు. ఎండ వాలేసరికి అద్దాల్లో ఎదురు వీధి మొత్తం కనబడింది.

బుల్లమ్మ ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. నూకయ్య రోజూ అడిగేదే అడిగాడు. మూడేళ్లుగా అది వాళ్లిద్దరి వేళాకోళం.

"ఏటే, బస్తా పడిపోనాదా?"

"పడిపోనాది" అంది.

నూకయ్య "గోపిగాడేడీ?" అని కేకేసినట్టు అడిగాడు.

"వీధిలో సేపలు బేరమాడతన్నాడు. ఆడికేటీ అవ్వలేదు."

సంచిలోంచి హుక్కు తీసి అతని ఒళ్లో పెట్టింది. దానికింకా సిమెంటు అంటుకుని ఉంది. హుక్కు మెడకు ఆమె కట్టిన ముడి అలాగే ఉంది. ఎనభై కిలోలు లాగిన లాగుడుకు ఇంకా బిగిసిపోయి, గోరు కూడా దూరకుండా రాయిలా అయింది. తాడును అక్కడే కోసి తెచ్చింది. నూకయ్య దాన్ని వేళ్లతో తడిమాడు. విప్పబోయాడు. రాలేదు. పళ్లతో కూడా పట్టి చూశాడు.

"ఇది నువ్వు కట్టిన ముడేనా?"

"నానే కట్టినాను."

"మరి ఆరోజూ ఇలగే కట్టినావే" అన్నాడు నూకయ్య. "ఇన్నాల్లూ సెప్తన్నాను, ఇనుకున్నావా?"

బుల్లమ్మ ఆ ముడి వంకే చూస్తోంది. మూడేళ్లుగా మొగుడు చెప్పిన మాటను ఈ పూట మొదటిసారి విన్నట్టుంది. విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. నూకయ్య ఆమె తల నిమురుతూ, కన్నీళ్లు తుడిచే ప్రయత్నం చెయ్యకుండా కూర్చున్నాడు.

కాసేపటికి, "రేపు ఏ ఊరు?" అని అడిగాడు.

"కొత్తవలస. కొత్త హోటలు, నాలుగంతస్తులు."

"అయితే బస్తాకి గోనె కొత్తది కుట్టాల. సూదీ పురికొసా ఇలగియ్యి" అన్నాడు.