రిలీజు అక్క పని

మీటింగు హాల్లో అడుగుపెట్టే ముందు మన ఇంజనీరు భార్యకి ఫోన్ చేసి, కట్ చెయ్యకుండానే చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఆవిడ అతని లాప్‌టాప్ భోజనాల బల్ల మీద తెరిచి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సిద్ధంగా ఉంది. అతను “ఇప్పుడు చూడండి” అనగానే ఆవిడ ఎంటర్ నొక్కాలి. ఎందుకని ఆవిడ అడిగితే, “ఊరికే, జాగ్రత్త కోసం” అన్నాడు. పెళ్ళానికి కూడా నిజం చెప్పలేని స్థితికి మనిషి ఒక్కరోజులో రాడు, మెల్లమెల్లగా వస్తాడు.

ఆ ఆఫీసు బస్సు టికెట్ల యాప్ నడుపుతుంది. యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా, కొత్త ప్రోగ్రామును కంటెయినర్ అనే పెట్టెలో సర్ది, అలాంటి పెట్టెల్ని నడిపే కంప్యూటర్ల గుంపులోకి, అంటే క్లస్టర్‌లోకి ఎక్కించాలి. ఏళ్ళ తరబడి ఆ పని ఒకావిడ చేత్తో చేసింది. కమాండ్లు కొట్టి, పాత పెట్టెలు దిగి కొత్తవి లేచేదాకా స్క్రీన్ ముందు నుంచి కదిలేది కాదు. ఆ ఎక్కించడాన్నే రిలీజు అంటారు కనక, ఆఫీసులో అందరూ ఆవిడని రిలీజు అక్క అనేవారు.

“ఇదంతా దానంతటదే జరిగేలా చేస్తాను సార్” అని మేనేజరుకి మాటిచ్చాడు మన ఇంజనీరు. ఈయన నోరు ఎప్పుడూ చేతుల కంటే ముందే పరిగెడుతుంది. ప్రోగ్రామును పరీక్షించడం, పెట్టెలో సర్దడం దాకా అన్నీ వాటంతటవే జరిగాయి. క్లస్టర్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ‘అనుమతి లేదు’ అని తలుపు మూసుకునేది. తాళాలు మార్చాడు, బతిమాలాడు, తిట్టాడు. తెరుచుకోలేదు. ఈలోగా మేనేజరు చూస్తానన్న రోజు వచ్చిపడింది. ఈ ఒక్కసారికే కదా అని, ఆఖరి మెట్టు తన లాప్‌టాప్ నుంచి చేత్తో కానిచ్చేశాడు. కొత్త పెట్టెలు లేస్తే స్క్రీన్ మీద పచ్చ గుర్తు వెలుగుతుంది. ఎవరు లేపారని అది అడగదు. మేనేజరు భుజం తట్టాడు.

ఆ ఒక్కసారి అలవాటైపోయింది. ఎవరు మార్పు పంపినా, తిండి మధ్యలో ఉన్నా సరే, ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చి కమాండ్ కొట్టేవాడు. పైన పటారం, లోన లొటారం. అక్కడితో ఆగినా బాగుండేది. ఇక మిషనే చేస్తుంది కదా అని కంపెనీవాళ్ళు రిలీజు అక్కని నెలాఖరుకి మానెయ్యమన్నారు. ఆ మాట విన్నరోజు అతనికి అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు. తన పరువు ముందు ఆవిడ ఉద్యోగం చిన్నదిగా కనిపించింది. అలా కనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ అసహ్యంతో కడుపు నిండదు కదా, మళ్ళీ కమాండ్ కొట్టాడు.

ఇవాళ పైవాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. అందరి ముందు ఖాళీ చేతులతో నిలబడి, “ఇప్పుడు చూడండి” అన్నాడు. కాసేపటికి పచ్చ గుర్తు వెలిగింది. చప్పట్లు మోగాయి. వెనక వరసలో రిలీజు అక్క అందరికంటే గట్టిగా కొట్టింది. అతను ఆవిడ వైపు చూడకుండా బయటికి జారుకున్నాడు.

మంచినీళ్ళ కోసం వరండాలోకి వస్తే అక్క వెనకాలే వచ్చింది.

“భలే చేశావు తమ్ముడూ. నిజం చెప్పనా? నా కుర్చీలో ఇంకో మనిషిని కూర్చోబెడితే ఏడ్చేదాన్ని. మిషను కదా, దాని మీద నాకు కోపమేంటి? ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారా అని, అదొక్కటే బెంగ.”

అతను గ్లాసు పక్కన పెట్టేశాడు. ఫోను సంగతి గుర్తొచ్చి గబుక్కున జేబులోంచి తీశాడు.

“కట్ చెయ్యకండి,” అంది భార్య. “అంతా విన్నాను. ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“ఎవరు, మరదలా?” అంది అక్క నవ్వుతూ.

“అక్కా, మిషను లేదు,” అన్నాడతను. “ఇన్నాళ్ళూ నేనే కొడుతున్నాను. ఇవాళ మా ఆవిడ చేత కొట్టించాను.”

వేళాకోళమనుకుని అక్క ముందు ఇంకా నవ్వింది. అతని మొహం చూశాక ఆగిపోయింది.

“మరి నేనెందుకు పోతున్నానురా?”

ఆవిడ అతన్ని ఎప్పుడూ ‘రా’ అనలేదు. భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. అది అడిగినప్పుడల్లా తెరుస్తుందా? హాల్లోంచి మేనేజరు గొంతు వినిపించింది.

“ఏమయ్యా, రా! ఇంకోసారి చూపించమంటున్నారు!”

ఫోను అక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా ఇంకో మార్పు పంపాడు. ఈసారి ఏమీ అనలేదు. స్క్రీన్ మీద గుర్తు తిరుగుతూనే ఉంది.

“ఇంకా ఎంతసేపయ్యా?” అన్నాడు మేనేజరు.

“ఎంతసేపు చూసినా రాదు సార్,” అన్నాడు మన ఇంజనీరు తల దించుకుని. “ఎక్కించే ఆవిడ బయట వరండాలో నిలబడి ఉంది.”