రెండు డబ్బాలు

తూటాలు నింపే బల్ల మీద మందు డబ్బా ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. ఆంజనేయప్రసాద్ తనకు తాను పెట్టుకున్న నియమం అది. జింకల వేట మొదలుపెట్టిన పదేళ్లలో భార్య లోహితకు ఆ మాట వందసార్లు చెప్పాడు. అందుకే శనివారం మధ్యాహ్నం టీ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లిన లోహిత, బల్ల మీద మూతలు తీసిన డబ్బాలు రెండు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఒకటి రైఫిల్ మందు. రెండోది షాట్‌గన్‌ది. అది మెరిసే రేకుల్లా ఉంటుంది, భగ్గున మండుతుంది. రైఫిల్ తూటాలో పడితే తుపాకీనే చీల్చేస్తుంది.

"ఏవండీ, ఆ గరాటులో ఉన్నది ఏ మందు?"

ఆయన గరాటు వంక చూశాడు, డబ్బాల వంక చూశాడు. మళ్లీ గరాటు వంక చూశాడు.

"రైఫిల్‌దే. ఇంకేముంటుంది?"

అప్పటికే నలభై తూటాలు నింపేశాడు. అందులో ఇరవై, ఆఫీసులో ఆయన కింద పనిచేసే ఆశిష్ వచ్చి పట్టుకెళ్లాడు. ఆశిష్‌కి వేట నేర్పింది ప్రసాదే. ఇద్దరివీ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు. ఒక తూటా పేలగానే రెండోది దానంతటదే గొట్టంలోకి ఎక్కుతుంది.

ఆ తూటాలు పక్కన పడేయమని, ఆశిష్‌కీ చెప్పమని లోహిత బతిమాలింది. నాకు మతి పోయిందనుకుంటున్నావా అని ఆయన కసురుకున్నాడు. ఎవరినైనా పిలిచి చూపిద్దామంటే ఆ దేశంలో ఇంట్లో తూటాలు నింపడానికి అనుమతే లేదు. అంతకుముందు నెల ఆయన సిటీవెస్ట్ ఆఫీసుకని బయలుదేరి, లువాస్ ట్రామ్‌లో చివరి స్టాపు దాకా పోయి, ఎందుకొచ్చానో తెలియడం లేదని ఆమెకు ఫోన్ చేశాడు. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, నేను గ్రాండ్‌గానే, బాగానే ఉన్నానన్నాడు.

ఆదివారం తెల్లవారాక ఆయన తుపాకీ సంచి భుజాన వేసుకున్నాడు. లోహిత తలుపుకి అడ్డంగా నిలబడింది.

"నిన్న ఫోన్‌లో మన నిఖిలని 'ఆ అమ్మాయి' అన్నారు. కన్నకూతురి పేరు గుర్తురాక. నేను విన్నానండీ."

ఆయన సంచి దించి, గరాజ్‌లోకి వెళ్లి, తన వాటా తూటాలు ఒక్కొక్కటే విప్పి తెల్లటి పళ్లెంలో పోయసాగాడు. మొదటి నాలుగింటిలో బూడిదరంగు పలుకులు. ఐదోదాంట్లోంచి మెరిసే రేకుల్లాంటివి రాలాయి.

"ఆశిష్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడు.

ఫోన్ కలవలేదు. వాడు ముందే వేటకి విక్లో కొండల్లోకి వెళ్లిపోయాడు. లోహిత కారు నడిపింది. ఆయన రెండుసార్లు దారి తప్పు చెప్పాడు.

అడవి గేటు దగ్గర ఆశిష్ కారు కనబడింది. వీళ్లు దిగుతుండగా పైనించి పేలుడు వినిపించింది. ఊపిరి తీసుకునేలోగా ఇంకొకటి. తర్వాత అంతా నిశ్శబ్దం. ప్రసాద్ వాడి పేరు పెట్టి అరుస్తూ బురదలో పడుతూ లేస్తూ పైకి ఎక్కాడు.

ఆశిష్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీరూ వచ్చారా అంకుల్? పొద్దున ఒకటీ ఇప్పుడు రెండూ, మొత్తం మూడూ గురి తప్పాయి."

ప్రసాద్ రైఫిల్ అందుకుని ఖాళీ చేశాడు. గొట్టంలోంచి ఊడిపడ్డ తూటాని విడిగా జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక లోహితా ఆశిష్ చూస్తుండగా దాన్నే ముందు విప్పాడు. పళ్లెంలో రేకులు రాలాయి.

"తర్వాత పేలాల్సింది ఇదేరా," అన్నాడు.

ఆశిష్ తన అరచేతులు చూసుకుని లేచాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం ప్రసాద్ తనే గార్డ్స్‌కి, అంటే అక్కడి పోలీసులకి, ఫోన్ చేసి అంతా చెప్పాడు. వాళ్లు వచ్చి రైఫిలూ డబ్బాలూ పట్టుకుపోయారు. కేసు నడుస్తుందన్నారు. ఆ వారమే జీపీ ఆయనకి మెదడు పరీక్షలు రాసింది. ఆశిష్ ఆ తర్వాత వాళ్లింటికి రాలేదు.